పల్లెటూళ్ళో ఇంటికి నెట్: ఫైబరా, ఎయిర్ ఫైబరా, ఫోన్ హాట్‌స్పాటా?

మీరడిగింది నాకర్థమైనంత వరకు ఇదండి. భీమవరం దగ్గర పల్లెటూరు, ఇంట్లో అమ్మగారు నాన్నగారు ఇద్దరే ఉంటారు, మీది హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊరి నుంచే పని చేసుకోవచ్చని ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. ఫోన్ హాట్‌స్పాట్‌తో సరిపెట్టొచ్చా, ఎయిర్ ఫైబర్ (టవర్ సిగ్నల్‌తో వచ్చే ఇంటి నెట్) పెట్టించాలా, ఊళ్ళో కేబుల్ ఆయన ఇస్తానంటున్న ఫైబర్ తీసుకోవాలా, నెలకి 700 దాటకూడదు.

ముందు జవాబు చెప్పేస్తా. మీ వీధిలో పోల్ మీద ఫైబర్ ఉండి, దాన్ని చూసే మనిషి ఊళ్ళోనో పక్కూళ్ళోనో ఉంటే కళ్ళు మూసుకుని ఫైబరే తీసుకోండి. 40, 50 ఎంబీపీఎస్ ప్లాన్ మీకు ఎక్కువే. దానికి తోడు మీ ఫోన్లో రెండో సిమ్ వేరే కంపెనీది పెట్టుకోండి. ఫైబర్ లేకపోతేనో, ఉన్నా రిపేర్‌కి వచ్చే నాథుడు లేకపోతేనో అప్పుడు ఎయిర్ ఫైబర్. హాట్‌స్పాట్ ఒక్కదాన్నే నమ్ముకుని ఆఫీసు పని మాత్రం పెట్టుకోకండి.

నేను ఈ జిల్లాలోనే కేబుల్ టీవీ లైన్లతో మొదలుపెట్టి చాలా ఏళ్ళుగా ఫైబర్ లైన్లు లాగి, అతికి, రిపేర్లు చేసే పనిలో ఉన్నాను. అందుకని ప్లాన్ల పట్టిక ఇక్కడ పెట్టను, అది ఎవరి వెబ్‌సైట్లో అయినా దొరుకుతుంది. ఇంటికొచ్చాక ఏం జరుగుద్దో అది చెప్తా.

అసలు మీకు ఎంత కావాలో ముందు చూడండి. వీడియో కాల్‌కి రెండు నుంచి నాలుగు ఎంబీపీఎస్ చాలు, ఆఫీసు కంప్యూటర్‌ని ఇంటి నుంచే తెరిచే రిమోట్ డెస్క్‌టాప్‌కి అంత కూడా అక్కర్లేదు, నాన్నగారు టీవీలో యూట్యూబ్ హెచ్‌డీలో చూస్తే ఇంకో ఐదు. అంతా కలిపినా 20 దాటదు. అయినా జనం 100 ఎంబీపీఎస్, 200 ఎంబీపీఎస్ అని ప్లాన్లు పెంచుకుంటూ పోతారు, ఎందుకంటే కాల్ మధ్యలో మాట తెగుతుంటే స్పీడ్ చాలట్లేదు అనుకుంటారు. మాట తెగేది స్పీడ్ తక్కువై కాదండి, ఎక్కువసార్లు నిలకడ లేక. ఒక సెకను 60 వచ్చి ఇంకో సెకను 1కి పడిపోయే లైన్ కంటే, పొద్దున్నించి రాత్రి దాకా 15 దగ్గర కదలకుండా ఉండే లైన్‌తో ఉద్యోగం హాయిగా చేసుకోవచ్చు. స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడు కింద పింగ్ అని ఒక అంకె ఉంటుంది (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే టైము, తక్కువుంటే మంచిది), అప్‌లోడ్ అని ఇంకోటి ఉంటుంది (మీ నుంచి బయటికి వెళ్ళే స్పీడ్), మీ పనికి ఆ రెండే ముఖ్యం. ఇంకొక మాట, ప్లాన్లో రాసే ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, ఫైల్ డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కనపడేది మెగాబైట్లు, ఎనిమిదితో భాగించాలి. 40 ప్లాన్‌లో ఫైల్ 5 ఎంబీతో దిగుతుంటే ఎవరూ మోసం చేసినట్టు కాదు.

హాట్‌స్పాట్ సంగతి. రోజుకి 2 జీబీ ప్లాన్ అనుకోండి, వీడియో కాల్ గంటకి సుమారు ఒక జీబీ తినేస్తుంది, మధ్యాహ్నం భోజనం టైముకే డేటా అయిపోతుంది, ఆ తర్వాత 64 కేబీపీఎస్‌కి దిగిపోతుంది, దాంతో మెయిల్ కూడా తెరుచుకోదు. 5జీ అన్‌లిమిటెడ్ ఉందిగా అంటారు. ఉంది, కానీ 2024 జులైలో రేట్లు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకి 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే దాన్ని ఇస్తున్నాయి, పైగా ఫోన్ 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపే అన్‌లిమిటెడ్. ఇంట్లోకి రాగానే ఫోన్ 4జీకి మారిపోతే మీ రోజువారీ 2 జీబీలోంచే కోత పడుతుంది, ఇది చాలామంది చూసుకోరు. దానికి తోడు ఎనిమిది గంటలు హాట్‌స్పాట్ పెడితే ఫోన్ కాలిపోతుంటుంది, బ్యాటరీ ఉబ్బిన ఫోన్లు చాలా చూశా.

మీ ఇంట్లో సిగ్నల్ ఎంతుందో తెలుసుకోవడానికి గీతలు లెక్కపెట్టకండి, గీతలు ఒక్కో ఫోన్లో ఒక్కోలా చూపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎం అనే కొలతలో ఉంటుంది, మైనస్ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. మైనస్ 80, 90 దగ్గరుంటే బాగున్నట్టు. మైనస్ 100 అయితే నడుస్తుంది. మైనస్ 110 దాటితే దాని మీద ఆఫీసు పని పెట్టుకోవద్దు. మీరు కూర్చోబోయే గదిలో తలుపేసి ఒకసారి, డాబా మీద ఒకసారి చూడండి. పాత మండువా ఇళ్ళ గోడలకీ, స్లాబ్ ఇళ్ళకీ లోపలికి వచ్చేసరికి పదిహేను ఇరవై తేడా మామూలే.

హాట్‌స్పాట్, సిమ్ రౌటర్ పనికిరావని కాదు నేననేది. మన దగ్గర చేపల చెరువుల మీద షెడ్లుంటాయి, అక్కడికి పోల్ ఉండదు, ఫైబర్ లాగితే ఖర్చు గిట్టదు, సీసీ కెమెరాలకి సిమ్ రౌటరే దిక్కు, బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. నెలకి నాలుగు రోజులు ఊరికొచ్చేవాళ్ళకి కూడా హాట్‌స్పాట్ చాలు. మీరు సగం నెల ఉంటారు కాబట్టి మీ లెక్క వేరు.

ఎయిర్ ఫైబర్. పేరులో ఫైబర్ ఉందిగానీ ఇంటికి ఫైబర్ రాదు. టవర్ నుంచి 5జీ సిగ్నల్‌ని డాబా మీద పెట్టిన ఒక డబ్బా పట్టుకుంటుంది, అక్కడి నుంచి కిందకి వైరు, లోపల వైఫై రౌటర్. జియోది 2023 వినాయక చవితికి మొదలైంది, తొలి ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఉంది, ఇప్పుడు మన పల్లెల దాకా వచ్చింది. ఎయిర్‌టెల్‌ది కూడా ఉంది. కొన్ని చోట్ల 5జీ కాకుండా యూబీఆర్ అని వేరే రేడియో పెడతారు, టవర్‌కి ఎదురుగా గురిపెట్టి బిగించాలి దాన్ని. మీ ఇంటికి ఏది పెడుతున్నారో టెక్నీషియన్‌ని అడగండి.

దీనికి మన జిల్లాలో పెద్ద శత్రువు కొబ్బరి చెట్టు. ఎక్కువగా వాడే 5జీ సిగ్నల్ 3300 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, అది ఆకుల్ని దాటుకుని రావడం కష్టం, వానకి తడిసిన ఆకులైతే మరీను. ఒకరింట్లో డబ్బాని పెరటి వైపు పిట్టగోడకి బిగించి వెళ్ళారు, మధ్యలో కొబ్బరి తోట. గాలొస్తే మట్టలు ఊగుతాయి, ఊగినప్పుడల్లా కాల్ తెగుతుంది. వాళ్ళు వారాల తరబడి కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేసుకున్నారు. అదే డబ్బాని వీధి వైపు మెట్లగది మీదకి ఎక్కించి టవర్ వైపు తిప్పితే కుదురుకుంది. అందుకని పెట్టించే ముందే ఒక 5జీ ఫోన్ పట్టుకుని డాబా మీద నాలుగు మూలలా నిలబడి, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్యలో స్పీడ్ టెస్ట్ చేయండి. పగలు చేస్తే అందరికీ బాగానే వస్తుంది. ఊరంతా సీరియళ్ళూ క్రికెట్టూ ఫోన్లో చూసే టైములో ఎంతొస్తుందో అదే మీ అసలు స్పీడ్, ఎందుకంటే టవర్ కెపాసిటీని ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకుంటాయి.

ఖర్చు కూడా చూడండి. జియో ఎయిర్ ఫైబర్‌లో 30 ఎంబీపీఎస్ ప్లాన్ 599 అని ఉంటుంది, దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 707. మీ 700 దాటేసింది. అదే జియో ఫైబర్ వైరు మీ వీధికి ఉంటే 30 ఎంబీపీఎస్ 399, ట్యాక్స్‌తో 471. ప్రకటనల్లో ఎప్పుడూ ట్యాక్స్ లేని రేటే వేస్తారు, ఎవరిదైనా సరే 18 శాతం కలుపుకుని పోల్చండి. అన్‌లిమిటెడ్ అన్నా కూడా ఎయిర్ ఫైబర్‌కి నెలకి 1 టీబీ (వెయ్యి జీబీ), ఫైబర్‌కి 3.3 టీబీ దగ్గర హద్దు ఉంటుంది. మీ ముగ్గురికీ ఆ హద్దు తగిలే అవకాశం లేదు, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

ఇప్పుడు ఫైబర్. మన పల్లెల్లో మూడు రకాలుగా దొరుకుతుంది. ఒకటి ఏపీ ఫైబర్‌నెట్, 2016లో కోనసీమ వైపు మోరి ఊరితో మొదలైంది, 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు, 149కి టీవీ, నెట్, ఫోన్ అని అప్పట్లో పెద్ద పేరు. రెండోది బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్, పల్లెల్లో దీన్ని చాలాచోట్ల లోకల్ పార్ట్‌నర్లే నడుపుతారు. మూడోది ప్రైవేటు కంపెనీలు, అవి నేరుగానో కేబుల్ ఆపరేటర్ ద్వారానో ఇస్తాయి. అంటే చివరికి మీ ఇంటికి వైరు లాగేది, తెగితే వచ్చేది చాలావరకు అదే కేబుల్ ఆయనే, బోర్డు మీద పేరు ఏదైనా. అందుకే నేను పదే పదే చెప్పేది, కంపెనీని కాదు, పోల్ ఎక్కే మనిషిని చూసి తీసుకోండి.

ఫైబర్‌తో వచ్చే కష్టాలు మూడు. మొదటిది వైరు తెగడం, దీని గురించి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మీకు వచ్చే కష్టాల్లో సగం పైన ఇదే. మన దగ్గర ఫైబర్ దాదాపు అంతా కరెంటు పోళ్ళ మీదే పోతుంది. కోతల టైములో గడ్డి వేసుకుని ఎత్తుగా వచ్చే ట్రాక్టర్లు రోడ్డు దాటే వైర్లని లాక్కుపోతాయి. కొబ్బరి మట్ట పడుతుంది. కరెంటు వాళ్ళు లైన్ కింద కొమ్మలు కొట్టేటప్పుడు కొమ్మతో పాటు ఇదీ పోతుంది. కోతులుంటే కొరుకుతాయి. ఇవి ఎవరూ ఆపగలిగేవి కాదు, తెగాక ఎంతసేపట్లో అతుకుతారన్నదే లెక్క. తెగిన ఫైబర్‌ని అతికే స్ప్లైసింగ్ మెషీన్ సొంతంగా ఉన్న ఆపరేటర్ అయితే కొద్ది గంటల్లో అయిపోద్ది, మెషీన్ కోసం టౌన్ నుంచి మనిషి రావాలంటే రెండు మూడు రోజులు పట్టొచ్చు. "మీ దగ్గర స్ప్లైసింగ్ మెషీన్ ఉందాండి?" ఈ ఒక్క ప్రశ్న అడిగితే మీకు సగం విషయం తెలిసిపోద్ది. తెలంగాణలో ప్రభుత్వ ఫైబర్ లైన్ టీ-ఫైబర్‌ని మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే వేశారు కాబట్టి మెయిన్ లైన్ నేల లోపల ఉంది, కానీ అక్కడైనా ఊళ్ళోంచి ఇంటికొచ్చే ముక్క పోళ్ళ మీదే అయితే ఈ గొడవలన్నీ వాళ్ళకీ ఉంటాయి.

రెండోది పవర్. ఇది కరెంటు పవర్ కాదు, ఫైబర్‌లో వచ్చే వెలుతురు పవర్, మా వాళ్ళు పవర్ చూడరా అంటే ఇదే. ఆపరేటర్ ఆఫీసు నుంచి ఒక్క ఫైబర్ బయల్దేరి దారిలో స్ప్లిట్టర్ల దగ్గర చీలుకుంటూ 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పోతుంది. రెండుగా చీలిన ప్రతిసారీ వెలుతురు సగం, అంటే 3 డీబీ పైన పోతుంది. పంటకాలువలో శివారు చేనుకి నీళ్ళు అందనట్టే లైన్ చివర ఇంటికి వెలుతురు పల్చగా వస్తుంది. ఇంట్లో వైఫై బాక్స్ దగ్గర మైనస్ 15 నుంచి మైనస్ 25 లోపు ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటిందంటే ఆ కనెక్షన్ ఉండీ లేనట్టే, ఎండకొకసారి వానకొకసారి పోతుంటుంది.

పోయినేడు ఒక మాస్టారి ఇంట్లో సరిగ్గా ఇదే. వాళ్ళబ్బాయి బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు, రోజూ మధ్యాహ్నం నెట్ పోతుంది, సాయంత్రం దానంతటదే వస్తుంది. ప్లాన్ 50 నుంచి 100కి పెంచారు, రౌటర్ మార్చారు, ఏం తేడా లేదు. మీటర్ పెట్టి చూస్తే మైనస్ 29. బయటికొచ్చి వైరు వెంట చూసుకుంటూ పోతే కిటికీ రెక్క కింద నలిగి ఉంది, రెక్క మూసిన ప్రతిసారీ నొక్కుకుంటోంది. మధ్యాహ్నం ఎండకి వాళ్ళమ్మగారు కిటికీ వేసేవారు, సాయంత్రం తీసేవారు. ఆ ముక్క కోసేసి గోడకి చిల్లు పెట్టి కొత్తగా అతికితే మైనస్ 21కి వచ్చింది, మళ్ళీ కంప్లైంట్ లేదు. అందుకని బిగించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి, వైరుని కిటికీలోంచి తలుపు సందులోంచి తేనివ్వకండి, మిగిలిన వైరుని బిగించి ముడేయనివ్వకండి, పెద్ద చుట్టగా చుట్టి వదిలేయమనండి. వెళ్ళే ముందు పవర్ మీటర్ పెట్టించి అంకె ఫోటో తీసుకోండి. రేపు తేడా వస్తే మొదట్లో ఇంత ఉండేది అని చూపించొచ్చు.

బాక్స్ మీద లైట్లు నాన్నగారికి చూపించి ఉంచండి. పాన్ (PON) అన్న దగ్గర పచ్చ లైట్ కదలకుండా ఉంటే బయట లైన్ బాగున్నట్టు. ఎల్ఓఎస్ (LOS) అన్న దగ్గర ఎర్ర లైట్ మెరుస్తుంటే వైరు తెగినట్టో నలిగినట్టో, అప్పుడు రీస్టార్ట్‌లు కొట్టి లాభం లేదు, నేరుగా కేబుల్ ఆయనకి "ఎర్ర లైట్ వస్తుందయ్యా" అని చెప్తే చాలు, పని త్వరగా అవుతుంది.

మూడోది ఇంట్లో వైఫై. బాక్స్‌ని టీవీ స్టాండ్ అరలో పెట్టి తలుపేసేస్తారు, ఇనప బీరువా మీద పెడతారు, ఆపైన పడకగదిలో రావట్లేదని మాకు ఫోన్. ఇంటికి మధ్యలో, మనిషెత్తున, ఏ తలుపూ అడ్డం లేకుండా పెట్టాలి. 5 గిగాహెర్ట్జ్ వైఫై స్పీడ్ ఎక్కువ ఇస్తుంది గానీ గోడ దాటలేదు, 2.4 దూరం పోతుంది గానీ స్పీడ్ తక్కువ. రెండూ ఇచ్చే డ్యూయల్ బ్యాండ్ బాక్స్ అడిగి తీసుకోండి. మీరు పని చేసే బల్ల దగ్గరకి మాత్రం వీలైతే బాక్స్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా పెట్టే ల్యాన్ కేబుల్ లాగించేసుకోండి, అంతకు మించిన ఉపాయం లేదు.

కనెక్షన్ తీసుకునే ముందు పక్కింటోళ్ళని అడగండి. "నెట్ బాగుందా" అని అడిగితే అందరూ బాగుంది అంటారు. "ఆఖరిసారి ఎప్పుడు పోయింది, ఎన్నాళ్ళకి వచ్చింది?" అని అడగండి, నిజం బయటికొస్తుంది. తర్వాత ఆపరేటర్‌ని అడగాల్సినవి కొన్నున్నాయి, అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్ అంతే ఇస్తారా, బాక్స్ మనదా వాళ్ళదా, డిపాజిట్ తిరిగొస్తుందా, దానికి రసీదు ఇస్తారా, వైరు లాగడానికి విడిగా తీసుకుంటారా. ఆరు నెలలు ఒకేసారి కడితే ఇన్‌స్టలేషన్ ఫ్రీ అంటారు, ఆశగా ఉంటుంది కానీ మొదటి నెల మాత్రం నెలకే కట్టండి. ఒక వానా గాలీ చూశాక నచ్చితే అప్పుడు ఆరు నెలలకి కట్టుకోవచ్చు. ఓటీటీలు కలిపిన ప్లాన్ అమ్మానాన్నలు చూసేవైతేనే తీసుకోండి.

కరెంటు పోతే ఏంటని మీరు అడగలేదు గానీ మన ఊళ్ళో అది పెద్ద ప్రశ్నే. ఫైబర్‌కి దారి పొడుగునా కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ ఉంటే, మీ ఇంట్లో బాక్స్ వెలుగుతుంటే చాలు. ఆ బాక్స్ చాలావరకు 12 వోల్టులదే, రౌటర్‌కి పెట్టే మినీ యూపీఎస్ అని చిన్నది దొరుకుతుంది, కొన్ని గంటలు లాగేస్తుంది. అడాప్టర్ మీద వోల్టులూ ఆంప్సూ చూసి దానికి సరిపోయేది కొనండి. ఇన్వర్టర్ ఉంటే అదే ప్లగ్‌కి పెట్టేయండి. ఎయిర్ ఫైబర్ అయితే డాబా మీద డబ్బాకీ లోపల రౌటర్‌కీ రెండిటికీ కరెంటు కావాలి, రెండూ ఇన్వర్టర్ మీద ఉండాలి.

ఇక రెండో సిమ్ గురించి. ఫైబర్ పోయినప్పుడు ఫోన్ ఉందిగా అనుకుంటారు. కానీ టవర్‌కి కూడా చాలాచోట్ల ఫైబరే వస్తుంది, అదీ ఇవే పోళ్ళ మీద. మా పక్క మండలంలో గడ్డి ట్రాక్టర్ ఒకటి రోడ్డు మీద వైర్ల కట్టని తెంపుకుపోతే ఇళ్ళకి ఫైబరూ పోయింది, ఊళ్ళో ఒక కంపెనీ సిగ్నలూ పోయింది, ఇంకో కంపెనీ మాత్రం పనిచేసింది. అందుకని ఫైబర్ ఏ కంపెనీదో సిమ్ ఆ కంపెనీది కాకుండా చూసుకోండి. ఈసారి ఊళ్ళో నెట్ పోయినప్పుడు ఏ సిమ్‌లో డేటా నడుస్తుందో గమనించండి, అదే మీ బ్యాకప్ సిమ్. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 2025 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలుపెట్టారు, మీ ఊళ్ళో టవర్ ఉంటే అదీ లెక్కలోకి తీసుకోండి.

అమ్మానాన్నలకి ఫైబర్ వల్ల ఇంకో లాభం ఉంది. స్లాబ్ ఇంట్లో సిగ్నల్ అందక ఫోన్ మాట్లాడటానికి వీధిలోకి వచ్చే పెద్దవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ అని ఉంటుంది, ఆన్ చేస్తే మామూలు కాల్సే వైఫై మీద వెళ్తాయి, దీనికి వేరే చార్జీ లేదు. జియో, ఎయిర్‌టెల్‌లో ఇది 2020 నాటికే వచ్చేసింది. రాత్రిపూట నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే గదిలోంచే ఫోన్ కలవాలి కదండి, మీరు సగం రోజులు దూరంగా ఉంటారు కాబట్టి నెట్ పెట్టించిన రోజే ఇది ఆన్ చేసి, ఒకసారి మీరే కాల్ చేసి చూడండి.

శాటిలైట్ నెట్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. ఉపగ్రహాల ద్వారా నెట్ ఇచ్చే స్టార్‌లింక్ కంపెనీకి మన దేశంలో టెలికాం లైసెన్స్ 2025 జూన్‌లో వచ్చింది. అది ఏజెన్సీ కొండల్లో, పోలూ టవరూ లేని చోట్ల పనికొచ్చేది. భీమవరం చుట్టుపక్కల దాని కోసం ఎదురుచూడక్కర్లేదు.

మీరు ఊరెళ్ళినప్పుడు మూడు విషయాలు కనుక్కుని ఇక్కడ పెట్టండి: మీ వీధి పోల్ మీద ఎవరెవరి ఫైబర్ ఉంది, డాబా మీద రాత్రి తొమ్మిదింటికి 5జీ స్పీడ్ ఎంతొస్తుంది, పక్కింట్లో కనెక్షన్ ఉంటే ఆ బాక్స్ దగ్గర పవర్ ఎంతుంది. అవి చూస్తే ఏ ఆపరేటర్ని పిలవాలో, ఏ ప్లాన్ తీసుకోవాలో నేను గట్టిగా చెప్పగలను.